అటు నాలుగు, ఇటు నాలుగు

మొన్నొక మధ్యాహ్నం భోజనం చేసి, కునుకు పట్టక, టీవీ ముందు కూర్చుని ఛానెళ్ళు మారుస్తుంటే లండన్ పార్లమెంటు కనిపించింది. ఏదో బిల్లు మీద ఓటింగు జరుగుతోందట. ఆ పచ్చటి బల్లల మీద నుంచి సభ్యులు లేచి, ఔనన్నవాళ్ళు ఒక వైపు నడవలోకీ, కాదన్నవాళ్ళు ఇంకో వైపు నడవలోకీ తాపీగా నడిచి వెళుతున్నారు. ఎత్తు కుర్చీలో స్పీకరు గారు నోరు మెదపకుండా కూర్చుని ఉన్నారు. మా ఆవిడ వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, "ఇదేగా మీరు పిల్లలకి పాతికేళ్ళు చెప్పింది" అని నవ్వబోయి, నా మొహం చూసి ఊరుకుని లోపలికి వెళ్ళిపోయింది. నేను టీవీ కట్టేశాను. ఆ ఎత్తు కుర్చీని చూస్తే నాకు ఇప్పటికీ గుండెలో కలుక్కుమంటుంది. ఎందుకో ఎవరికీ పూర్తిగా చెప్పలేదు, మా ఆవిడకి తప్ప.

ఇప్పుడంటే గుంటూరులో నల్లపాడు వైపు ఒక చిన్న ఇంట్లో ఉంటున్నాం గానీ, నా ఉద్యోగమంతా పర్చూరుకీ చిలకలూరిపేటకీ నడుమ ఒక ఊళ్ళో, ఊరి పెద్దల కమిటీ నడిపే ఎయిడెడ్ హైస్కూల్లోనే గడిచింది. నేను సోషల్ మాస్టారిని. ఎటు చూసినా పత్తి, మిర్చి. సంక్రాంతి దాటిందంటే బడి పక్క కళ్ళాల్లో మిరపకాయలు ఆరబోసేవాళ్ళు, గాలి ఇటు తిరిగితే క్లాసులో నేనూ పిల్లలూ కలిసి తుమ్ముతూనే పాఠం సాగించేవాళ్ళం. మన ఈడు మాస్టర్లకి గుర్తుండే ఉంటుంది, అప్పట్లో ఒక్కో మాస్టారికి ఒక్కో పాఠం పిచ్చి ఉండేది. మా లెక్కల మాస్టారికి త్రికోణమితి, తెలుగు పంతులు గారికి ఛందస్సు, నాకేమో బ్రిటిష్ పార్లమెంటు. పుస్తకంలో అది రెండున్నర పేజీలు. నేను దాన్ని మూడు వారాలు లాగేవాణ్ణి. పిల్లలు వెనక నన్ను పార్లమెంటు మాస్టారనేవారు, ఆ మాట చెవిన పడితే కోపం వచ్చినట్టు నటించేవాణ్ణి గానీ లోలోపల పొంగిపోయేవాణ్ణి.

నాకంతగా నచ్చినదేమిటంటే, వాళ్ళ రాజ్యాంగం మన దాంట్లాగా ఒక పుస్తకంగా రాసి ఉండదు. చాలా భాగం ఆనవాయితీల మీద నడుస్తుంది. రాజో రాణో సింహాసనం మీద ఉంటారు, పాలన మాత్రం వాళ్ళ పేరు మీద మంత్రులు చేస్తారు. మంత్రులు సభలోంచే వస్తారు, సభకే జవాబు చెప్పుకుంటారు. సభలో ఎక్కువమంది నమ్మకం పోయిందా, ప్రధానమంత్రి అయినా సరే రాజీనామా ఇవ్వాలి, లేదా మళ్ళీ ప్రజల దగ్గరికి వెళ్ళాలి. ప్రతిపక్షానికీ అక్కడ అధికారికంగా ఒక పీట ఉంటుంది, దాని నాయకుడికి ప్రభుత్వమే జీతమిస్తుంది. తనని తిట్టమని తనే జీతమిచ్చే ప్రభుత్వం ఎక్కడైనా ఉంటుందా అని పిల్లలు ఆశ్చర్యపోతుంటే, అదేదో మా ఇంటి గొప్పతనమైనట్టు మీసం సవరించుకునేవాణ్ణి. ఢిల్లీలో ప్రభుత్వాలు నిలబడీ నిలబడక పడిపోతున్న రోజులవి. ఒక్క ఓటు ఎంత పని చేస్తుందో టీ కొట్టు దగ్గర కూడా మాట్లాడుకునేవాళ్ళు. కాబట్టి నా పాఠానికి గిరాకీ బాగానే ఉండేది.

అన్నిటికన్నా ఎక్కువ చెప్పింది స్పీకరు గురించి. ఆ కుర్చీ ఎక్కిన మనిషి తన పార్టీని వదిలేస్తాడు, చర్చలో మాట్లాడడు, ఓటు వేయడు. పూర్వం రాజుకి నచ్చని కబురు మోసినందుకు స్పీకర్ల తలలు ఎగిరిపోయేవట, అందుకని ఆ కుర్చీ ఎక్కడానికి ఎవరూ ముందుకొచ్చేవారు కాదు. ఈనాటికీ కొత్త స్పీకరుని ఇద్దరు సభ్యులు చెరో చెయ్యీ పట్టుకుని ఈడ్చుకెళ్ళి కూర్చోబెట్టడం ఆనవాయితీ. ఓట్లు సరిసమానమైనప్పుడు మాత్రం ఆయన ఒక ఓటు వేయాలి. అదీ తన ఇష్టం కొద్దీ కాదు. సభలో లేని మెజారిటీని కుర్చీ పుట్టించకూడదు కనుక, ఉన్నది ఉన్నట్టు ఉంచే వైపే వేయాలి. ఇది చెప్పేటప్పుడు నా గొంతులో ఒక గాంభీర్యం వచ్చేది.

ఏటా దసరా సెలవులయ్యాక తొమ్మిదో తరగతి చేత పార్లమెంటు ఆడించేవాణ్ణి. బల్లలు ఎదురెదురుగా వేసేవాళ్ళం. నన్ను స్పీకరుని చేసి ఇద్దరు కుర్రాళ్ళు నిజంగానే ఈడ్చుకెళ్ళి కూర్చోబెట్టేవారు, ఆ నెపంతో ఒకట్రెండు గిల్లుళ్ళు కూడా గిల్లేవారు. ఒక ఏడు పిల్లలు చేలల్లోంచి పత్తి తెచ్చి పాత టోపీకి అంటించి నాకు తెల్ల విగ్గు చేశారు. అందులో ఒక గింజ పురుగు ఉండిపోయి, ప్రశ్నోత్తరాల మధ్యలో నా చెవి మీదుగా దిగి వచ్చింది. సభ ఎంతసేపటికీ అదుపులోకి రాలేదు.

ఆ ఏటి సభలోనే ఆ అమ్మాయి ప్రతిపక్ష నాయకురాలు. చర్చి పక్క ఇళ్ళలో ఉండే కూలీ కుటుంబం పిల్ల. తండ్రి లేడు, తల్లి పత్తి తీతకీ మిరప కోతకీ వెళ్ళేది. ప్రధానమంత్రి పదవికి మోతుబరుల పిల్లలు నలుగురు పోటీ పడ్డారు గానీ ఓడిపోయే వైపు కూర్చోవడానికి ఎవరూ ఒప్పుకోలేదు. ఆ అమ్మాయి లేచి, నేను కూర్చుంటానండీ అంది. అంతకు ముందు రోజే క్లాసులో నన్నొక ప్రశ్న అడిగింది. "ఎట్టాగూ ఓడిపోయే ఓటుకి లేచి అంతసేపు మాట్లాడటం ఎందుకండీ?" అప్పటికి తోచిన జవాబు చెప్పాను, చెప్పిన మాట రికార్డులో ఉంటుందమ్మా, రేపు ఇంకెవరైనా చదువుతారు అని. దాన్ని నోటుబుక్కులో రాసుకుంది. నేనేం చెప్పినా రాసుకునేది, గుండ్రటి అక్షరాలతో, మార్జిను వదిలి మరీ.

సభ రోజున ఆ అమ్మాయి పెట్టిన తీర్మానం మామూలుగా పిల్లలు పెట్టేదానిలా లేదు. ఆటస్థలం కావాలనో, శనివారం సెలవు కావాలనో కాదు. కోతలు జరిగే నెలల్లో బడి పొద్దున్నే మొదలుపెట్టి పదకొండింటికి వదిలేస్తే, చేలోకి పోక తప్పని పిల్లలు రెండూ చేసుకుంటారని. విద్యామంత్రిగా ఉన్న కుర్రాడు నీళ్ళు నమిలాడు. తీర్మానం మూడు ఓట్లతో వీగిపోయింది. పత్తి విగ్గు పెట్టుకున్న నేను ఫలితం ప్రకటించాను. ఆ రోజు మా హెడ్మాస్టరు గారు వెనక బల్ల మీద కూర్చుని అంతా విని, పిల్ల తెలివైందండీ అని మెచ్చుకున్నారు. దాని తెలివి గురించి మేమిద్దరం చాలాసేపు మాట్లాడుకున్నాం గానీ, ఆ పిల్ల అడిగింది నిజంగా చేస్తే ఏమవుతుందని ఇద్దరిలో ఒక్కరం కూడా ఆలోచించలేదు.

మరుసటి ఏడు ఆ అమ్మాయి పదో తరగతికి వచ్చింది. ఆ ఏడు పత్తికి పురుగు పట్టి ఎన్ని మందులు కొట్టినా చావక, ఊరూరా జనం తలలు పట్టుకున్నారు. మిగిలింది మిర్చి ఒక్కటే. కార్తీకంలో ఆ పిల్ల తల్లికి నడుం పట్టేసి లేవలేకపోయింది. మా వైపు కోతలకి కూలీలు ముఠాలుగా వెళతారు. ముఠాలో చోటు మనిషిది కాదు, ఇంటిది. ఇంట్లోంచి ఒక మనిషి రాకపోతే ఆ చోటు ఇంకో ఇంటికి పోతుంది, ఆ సీజనంతా మళ్ళీ పిలవరు. అందుకని తల్లి చోటులో పిల్ల వెళ్ళింది. మొదట వారానికి రెండు రోజులు మానేది, తర్వాత వారానికి రెండు రోజులు వచ్చేది. వచ్చిన రోజున వేళ్ళు మంటలు పుట్టి కలం పట్టుకోలేక, కొంగు తడిపి చేతికి చుట్టుకుని కూర్చునేది. అయినా అర్ధసంవత్సర పరీక్షల్లో సోషల్లో మొదటి మార్కు దానిదే. నేను ఆ పేపరు స్టాఫ్ రూములో అందరికీ చూపించాను కూడా.

చివరికి హాజరు లెక్కకొచ్చింది. నిర్ణయించిన హాజరు లేకపోతే పబ్లిక్ పరీక్షకి కూర్చోనివ్వరు. తక్కువైన వాళ్ళకి స్కూలు కమిటీ సిఫారసు చేస్తే పైఅధికారులు సడలించేవారు. ఆ పిల్లకి తక్కువైన రోజులు ఆ సడలింపుకి సరిగ్గా అంచులో ఉన్నాయి. జాబితా పంపడానికి ఇంకా వారం పైనే గడువు ఉండగా, ఒక ఆదివారం చర్చిలో ప్రార్థన అయ్యాక కమిటీ మీటింగు పెట్టారు. టీచర్ల తరఫున నేనూ ఆ కమిటీలో ఉన్నాను.

ఆ రోజుకి కమిటీ ప్రెసిడెంటు గారు కంటి ఆపరేషనుకి గుంటూరు వెళ్ళి ఉన్నారు. ఇంకో సభ్యుడు చుట్టాలతో వాడరేవు వెళ్ళాడు. అధ్యక్షత ఎవరు వహించాలని మాట వచ్చినప్పుడు, ఏ పార్టీకీ చెందని మనిషి పార్లమెంటు మాస్టారే కదా అని అందరూ నన్ను చూశారు. నన్నెవరూ ఈడ్చుకెళ్ళనక్కర్లేకపోయింది. నేనే వెళ్ళి కూర్చున్నాను, పంచె సర్దుకుని మరీ.

సడలింపు ఇవ్వకూడదన్న వైపు హెడ్మాస్టరు గారు మాట్లాడారు. ఆయన చెడ్డమనిషి కాదు. ఒకరికి ఇస్తే రేపు ముఠాకి పోయిన ప్రతి పిల్లా అడుగుతుంది, బడి ఖాళీ అయిపోతుంది అన్నది ఆయన భయం, అందులో కొంత నిజమూ ఉంది. రైసుమిల్లు ఆయన ఆ మాటే ఇంకొంచెం గట్టిగా అన్నాడు. ఇవ్వాలన్న వైపు పాస్టరు గారు మెల్లగా, బతిమాలుతున్నట్టు మాట్లాడారు. ఆయన తర్వాత లేచింది మా మేనమామ. మోతుబరి, మహా మొండివాడు, ఎవరి మాటా వినే రకం కాదు. ఆయన నా వైపు తిరిగి, "ఒరేయ్ అబ్బాయ్, ఆ పిల్ల బడి మానింది సినిమాకి పోయి కాదురా. నా చేలో కాయ కోసింది. నా కాయ కళ్ళానికి చేరింది, దాని చదువు మాత్రం చేలోనే ఉండిపోవాలా?" అన్నాడు. మా మామ నోట అలాంటి మాట వస్తుందని ఎవరూ అనుకోలేదు, నేనసలే అనుకోలేదు.

చేతులెత్తమన్నాను. అటు నాలుగు, ఇటు నాలుగు.

ఎనిమిది మందీ నా వైపు చూశారు. నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో నాకు ఆ పిల్ల గుర్తుకు రాలేదు. లండన్లోని ఎత్తు కుర్చీ గుర్తొచ్చింది. ఇన్నేళ్ళు చెప్పిన పాఠాన్ని నిజంగా ఆచరించే అవకాశం జన్మకొకసారి వచ్చిందని ఒళ్ళు పులకరించింది. నా సొంత అభిప్రాయం సడలింపు ఇవ్వాలనే. కానీ సొంత అభిప్రాయాన్ని పక్కన పెట్టడంలోనే ఆ కుర్చీ గొప్పతనం ఉందని అనుకున్నాను. లేని మెజారిటీని కుర్చీ పుట్టించకూడదని రెండు నిమిషాలు ఉపన్యసించి, ఉన్నది ఉన్నట్టు ఉంచే వైపు ఓటు వేశాను. అంటే సడలింపు లేదు. హెడ్మాస్టరు గారు కూడా కాస్త తెల్లబోయారనిపించింది. పాస్టరు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మా మామ కండువా దులుపుకుని లేచి, "నీ పాఠం బాగానే ఉందిరా" అని వెళ్ళిపోయాడు. తర్వాత పోయేదాకా నాతో సరిగ్గా మాట్లాడలేదు.

ఇంటికొచ్చి మా ఆవిడకి జరిగింది గొప్పగా చెప్పాను. అంతా విని, ఇప్పుడా పిల్ల ఏం చేస్తుంది అని అడిగింది. మళ్ళీ సంవత్సరం రాస్తుందన్నాను. మీటింగులో అందరం అనుకున్నదీ అదే. కానీ తల్లి నడుం బాగుపడలేదు, మళ్ళీ సంవత్సరం ముఠాలో ఆ ఇంటి చోటు ఆ పిల్లదే అయింది. ఒకసారి వాళ్ళింటికి వెళ్ళి, ప్రైవేటుగా కట్టి రాయమని చెప్పి రావాలనుకున్నాను. చర్చి మలుపు దాకా వెళ్ళి వెనక్కి వచ్చేశాను. ఏం మొహం పెట్టుకుని వెళ్ళను అన్నది అప్పటికే మనసులో మొదలైంది, దానికి నేను తీరిక లేదని పేరు పెట్టుకున్నాను. ఆ ఏడు పార్లమెంటు ఆడించలేదు. పిల్లలు అడిగితే సిలబసు మిగిలిపోయిందని చెప్పాను.

ఏడెనిమిదేళ్ళు గడిచాయి. ఒక ఎన్నికల్లో నాకు వేరే ఊరి పోలింగు కేంద్రంలో ప్రిసైడింగ్ ఆఫీసరుగా డ్యూటీ పడింది. సామాన్లు మోసుకుని ఆ ఊరు చేరి, పొద్దున్నే పార్టీల ఏజెంట్ల చేత కాగితాల మీద సంతకాలు పెట్టిస్తుంటే ఒక సంతకం దగ్గర నా చూపు ఆగిపోయింది. గుండ్రటి అక్షరాలు. తలెత్తి చూద్దును గదా, తనే. మనిషి బాగా నల్లబడింది, ఎండకి కళ్ళ చుట్టూ ముడతలు పడ్డాయి. ఆ ఊరి కోడలట. చదవడం రాయడం బాగా వచ్చని ఏజెంటుగా కూర్చోబెట్టారట. నాకు నమస్కారం పెట్టి తన బల్ల దగ్గర కూర్చుంది. నేను మధ్యాహ్నం దాకా ఆ వైపు చూడలేదు.

రెండింటికి ఎండ మండిపోతోంది, ఓటర్లు రావడం తగ్గింది. మిగతా ఏజెంట్లు భోజనాలకి లేచారు. తను టిఫిను డబ్బా తెచ్చుకుంది. ఇక ఉండబట్టలేక, ఆ రోజు కుర్చీలో ఉన్నది నేనేనమ్మా అన్నాను.

"తెలుసండి. పాస్టరు గారు అప్పుడే చెప్పారు" అంది. కోపమేమీ లేదు గొంతులో, వాన కబురు చెప్పినట్టు చెప్పింది.

నేను ఆ ఆనవాయితీ గురించి ఏదో మొదలుపెట్టాను, నన్ను నేను సమర్థించుకోవడానికే. తను మూత పెడుతూ విని, "మీరు మాకు రెండు ముక్కలు చెప్పారండి" అంది. "ఇంకా మాట్లాడుకోడానికి వీలుంటే స్పీకరు గారు మాట్లాడుకోనిచ్చే వైపే వెయ్యాలన్నారు. అదిక కుదరదనుకున్నప్పుడే ఉన్నది ఉన్నట్టు ఉంచాలన్నారు. అప్పటికింకా వారం గడువుందంటగదండీ? ప్రెసిడెంటు గారు మూడోరోజుకే వచ్చారు. మీరు మొదటి ముక్క మర్చిపోయారేమో అనుకున్నానండి."

అంతలోనే ఒక ముసలమ్మ చీటీ పట్టుకుని లోపలికొచ్చింది. తను వెంటనే జాబితా మీదికి వంగి, నెంబరు వెతికి, అవ్వ పేరు పైకి చదివింది. నేను ఇంకు సీసా మూత తీసిన పోలింగు గుమాస్తాని చూస్తూ కూర్చున్నాను. సాయంత్రం మిషన్లకి సీలు వేశాక సంతకం చేసి, వెళ్ళొస్తానండీ అని చెప్పి వెళ్ళిపోయింది. క్షమించమని అడగడానికి నాకు మళ్ళీ వీలు కుదరలేదు అని రాయబోయాను. కుదిరింది, నేనే అడగలేదు.

ఇంటికొచ్చి అటక మీద పాత నోట్సు దించి వెతికాను. ఉంది. నా చేతిరాతతోనే ఉంది, మొదటి ముక్కా, రెండో ముక్కా. మొదటిది ఏటా చెప్పేవాణ్ణో, ఒక్క ఆ ఏడే చెప్పానో గుర్తు లేదు. చెప్పిన నేను మర్చిపోయాను, రాసుకున్న పిల్ల మర్చిపోలేదు. ప్రెసిడెంటు గారిని ఆ తర్వాతెప్పుడో కదిలిస్తే, నేనుంటే ఇచ్చేవాళ్ళమేనయ్యా అన్నారు.

ఇప్పుడు ఆ బడి లేదు, ఆ గదుల్లో మిర్చి బస్తాలు పెట్టుకుంటున్నారని విన్నాను. కోతలకి ఎక్కడెక్కడి నుంచో కూలీలు లారీల్లో వస్తున్నారు, ముఠాలో ఇంటి చోటు అన్న మాట పిల్లలకి చెబితే అర్థం కాదు. పార్లమెంటు పాఠం నాలుగు బిట్లయింది, సరైన జవాబుకి టిక్కు పెడితే మార్కు పడిపోతుంది. టీవీలో మన సభలు చూస్తే అందరూ ఒకేసారి అరుస్తారు, ఎవరూ ఎవరి మాటా వినరు, మాట పోయిందని కుర్చీ దిగే మనిషి కనపడడు. మన కాలమే నయమని మన ఈడు వాళ్ళం పార్కు బల్లల మీద అనుకుంటూ ఉంటాం. నేనూ తల ఊపుతాను గానీ మనసారా ఊపలేను. మా కాలంలో, మా బళ్ళో, ఎవరూ అరవలేదు, అంతా పద్ధతి ప్రకారమే జరిగింది, పద్ధతి ప్రకారమే ఒక పిల్ల చదువు ఆగిపోయింది. మూడు రోజులు ఆగి మళ్ళీ కూర్చుందాం అంటే సరిపోయేది. ఆ మాట చెప్పగలిగిన మనిషిని ఆ గదిలో నేనొక్కణ్ణే.